పింపళ్‌ధార చౌకీ

బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, ఖోలీలనే ఒంటిగదులు వరసలుగా ఉన్న ఆ చాళికి నల్లా నీళ్ళు పొద్దున అయిదింటికి వచ్చి ఆరున్నరకల్లా ఆగిపోతాయి. ఆ గంటన్నరలోనే ప్రతి ఖోలీవాళ్ళూ రోజుకు సరిపడా పట్టుకోవాలి. చంద్రమ్మ మూడో బిందె నల్లా కింద పెట్టేసరికి వెనక వరసలోంచి పక్క ఖోలీ గంగాబాయి పలకరించింది.

"ఏం చంద్రమ్మా, ఐతారం మొగుణ్ణి సూడవోతున్నవట గదా! ఏ చీర కడ్తున్నవ్?"

వరసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. చంద్రమ్మకు ముఖం వేడెక్కింది.

"నేను వచ్చుడు ఇంక ఖాయం గాలే వదినా. అత్తమ్మ ఏమంటదో," అని బిందె నడుముకు ఎత్తుకుని మెట్లెక్కింది.

చాళివాళ్ళంతా కలిసి ఏటా ఒకరోజు ఎటైనా వెళ్ళివస్తారు. 1986 మార్చిలో ఈసారి ఎటు వెళ్దామని మాట వచ్చినప్పుడు చంద్రమ్మ మామ బాలనర్సయ్య గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు: "నా కొడుకు అడివికి పోదాం. పింపళ్‌ధారల మంచి మడుగుంది, ఎండకాలం గూడ ఎండదు. వాడే అక్కడ గార్డు. మనల్ని ఆపేటోడు ఎవడు?" చాళి సెక్రటరీ తుకారాం అప్పటికప్పుడే బస్సు మాట్లాడేశాడు. వస్తున్నామని బాలనర్సయ్య కొడుక్కి కార్డు రాసి పడేశాడు.

చంద్రమ్మ భర్త శివరాం కసారా దాటాక కొండల్లో ఉన్న ఆ టేకు అడవిలో ఫారెస్టు గార్డు. పెళ్ళికి ఆరు నెలల ముందు ఉద్యోగం వచ్చింది. పెళ్ళయి మూడేళ్ళయింది. అతను అడవి కాపలా చౌకీలో ఒంటరిగా, ఆమె ఖోలీలో అత్తమామలతో. నెలకు రెండు రోజులు సెలవు దొరికితే వస్తాడు. ఎండాకాలం అడవికి నిప్పు భయం, అప్పుడు అదీ సరిగ్గా దొరకదు. ఈసారి అతను వచ్చి వెళ్ళి నలభై రెండు రోజులు. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టక్కర్లేదు, పొద్దున లేవగానే ఆ అంకె దానంతటదే మనసులోకి వస్తుంది.

ఆమె పుట్టింది మహబూబ్‌నగర్ జిల్లాలో, అమ్రాబాద్ అవతల అడివి అంచు పల్లెలో. తండ్రి వెంట మేకల్ని తోలుకుని, ఇప్పపూలు ఏరుకుని పెరిగింది. ఖోలీ ముందు గ్యాలరీలో నిలబడితే ఎదురుగా ఇంకో చాళి గోడ, మీద చీర వెడల్పంత ఆకాశం. గల్లీలో ఎవరో కొత్తగా చెక్క చిత్రిక పడుతుంటే ఆ వాసనకు ఒక్కోసారి పని మరిచిపోయి నిలబడిపోతుంది. ఆయన చౌకీ చుట్టూ కూడా ఇదే వాసన ఉంటుందా అనుకుంటుంది.

ఖోలీలో బాలనర్సయ్య చాయ్ తాగుతున్నాడు. పక్క గల్లీలోని కార్ఖానాలో దర్వాజలు, కిటికీలు చేసే వడ్రంగి ఆయన.

"మామా, ఉత్తరం గిట్ల వచ్చిందా?" రోజూ అడిగినట్టే అడిగింది చంద్రమ్మ.

"లేదు పిల్లా," అన్నాడాయన సాసర్‌లోకి చూస్తూ.

అత్త రాజవ్వ మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. చెడ్డ మనిషి కాదు. కోడలు జ్వరంతో పడుకుంటే మూడు రోజులు తానే అన్నం కలిపి తినిపించింది. కాని కోడల్ని కొడుకు దగ్గరికి పంపే విషయంలో మాత్రం రాయి.

"ఐతారం నువ్వు ఇంటికాడనే ఉండు," అంది. "అందరం పోతే నీళ్ళు ఎవరు పడ్తరు?"

చంద్రమ్మ బిందె మీద మూత పెట్టి అటు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు చూసి బాలనర్సయ్య గొంతు సవరించుకున్నాడు.

"రానీయ్ రాజవ్వా. మొగుణ్ణి సూసుకోని వస్తది. ఒక్క పూట నీళ్ళకు ఏమైతది?"

"సూసి ఏం లాభం? మూడేండ్ల సంది సూస్తనే ఉన్నరు. ఒక నలుసు లేకపాయె," అంది రాజవ్వ.

బాలనర్సయ్య మాత్రం తుకారాంకు ఇచ్చే బస్సు లెక్కలో కోడల్ని కూడా కలిపాడు.

*

ఆదివారం పొద్దున పది దాటాక బస్సు పింపళ్‌ధార అడ్డకర్ర ముందు ఆగింది. దారికి అడ్డంగా వెదురు బొంగు కట్టి ఉంది. దాని అవతల ఖాకీ బట్టల్లో శివరాం. బాగా నల్లబడ్డాడు, చెంపలు లోపలికి పోయాయి. కిటికీలోంచి అతన్ని చూసి చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాలనర్సయ్య అందరికంటే ముందు దిగాడు. "శివరాం! తియ్యిరా బొంగు! చాళి అంతా వచ్చింది సూడు!"

శివరాం, తండ్రి వెనక దిగుతున్న నలభై మందినీ చూశాడు. వాళ్ళ చేతుల్లో డబ్బాలు, చాపలు, ఒక ఢోలక్.

"బాపూ... మీరెందుకు వచ్చిన్రు?"

"ఎందుకేంది? మడుగు కాడికి!"

"మడుగు దారి మూసినం. హోలీ కాడికెల్లి తొలివాన పడేదాంక ఎవరూ పోవద్దు. కింద వాగులన్నీ ఎండినయ్. ఈ కొండ మీద జంతువులన్నిటికి ఇప్పుడు ఆ ఒక్క మడుగే."

తుకారాం ముందుకు వచ్చాడు. "అరే శివరాం, మేమేం పరాయోళ్ళమా? నిన్ను చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకున్నోణ్ణి. రెండు గంటలు కూసోని పోతం."

"కాకా, పోయిన ఐతారం దాదర్ నుంచి రెండు బండ్లు వచ్చినయ్. వాపస్ పంపిన. ఇయ్యాల మా వోళ్ళని ఇడిస్తే, రేపు ఏ ముఖంతోటి ఇంకొకర్ని ఆపాలె? పైన మైదానంల నీడుంది. ఈడికి వచ్చేటోళ్ళ కోసమే సాఫ్ జేసి పెట్టినం. అక్కడ కూసోండ్రి, తాగే నీళ్ళు నేను తెస్త. పాటలు మాత్రం జర మెల్లగ."

బాలనర్సయ్య ముఖం ఎర్రబడింది. "ఇంతమంది ముందర నా ఇజ్జత్ తీస్తవా? నా మాటకు ఇంతేనారా ఇలువ?"

"ఉత్తరం రాసిన గద బాపూ!" అన్నాడు శివరాం. "రావద్దు, దారి మూసి ఉంటది అని రాసిన గదా. పదిహేను దినాలాయె!"

అందరూ బాలనర్సయ్య వైపు చూశారు.  చంద్రమ్మ కూడా మామ ముఖం చూసింది, ఆయన కళ్ళు దించుకున్నాడు. ఉత్తరం వచ్చింది. వచ్చిందన్నమాట.

తుకారాం నిట్టూర్చి, "చలా, మైదానానికే పోదాం," అని జనాన్ని పైదారి పట్టించాడు. బాలనర్సయ్య వాళ్ళతో వెళ్ళలేదు. దారి పక్కన పేర్చి ఉన్న టేకు దుంగల మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

*

శివరాం తల్లినీ భార్యనీ చౌకీకి తీసుకువెళ్ళాడు. రాతిగోడలు, పెంకుల కప్పు. ముందు గదిలో ఒక మంచం, ఒక లాంతరు, రెండు గిన్నెలు. అడుగంటిన అన్నం గిన్నె ఒకటి నీళ్ళు పోసి ఉంది. రాజవ్వ ఆ గిన్నె చూసి ముఖం తిప్పుకుంది.

వెనక ఇంకో గది కొత్తగా కట్టి ఉంది. సున్నం వాసన ఇంకా పోలేదు. మూలన మట్టిపొయ్యి, ఒక్కసారి కూడా వెలిగించినట్టు లేదు. గోడకు చిన్న అద్దం.

"అద్దం ఇంత కిందికి కొట్టినవేందిరా? వంగి సూసుకుంటవా?" అంది రాజవ్వ.

 చంద్రమ్మ అద్దం ముందుకు వెళ్ళి నిలబడింది. ఆమె ముఖం సరిగ్గా దాని మధ్యలోకి వచ్చింది.

"సాహెబ్ పర్మిషన్ ఇచ్చిండవ్వా, ఇంటిదాన్ని తెచ్చుకొమ్మని," అన్నాడు శివరాం. "గది కట్టుకున్న. చంద్రమ్మను తోలియ్యుండ్రి అని రాసిన, ఆ ఉత్తరంలనే. జవాబు రాలేదు. మీకిష్టం లేదేమో అనుకున్న." తర్వాత భార్య వైపు తిరిగాడు. "నీకే ఇష్టం లేదేమో అని గూడ అనుకున్న."

చంద్రమ్మ గోడకు చేయి ఆన్చింది. పదిహేను రోజులు ఆయన ఈ చౌకీలో ఏం తలుచుకుంటూ పడుకున్నాడో అనుకుని అత్త వైపు తిరిగింది.

"నీకెరుకేనా అత్తమ్మా?"

"నాకేం ఎరుక? సదువు రాదు నాకు." రాజవ్వ ఆ పొయ్యి వైపు చూసి, "ఎరుకైనా పంపకపోదును," అంది.

మూడేళ్ళుగా అత్తకు ఎదురు చెప్పని మనిషి చంద్రమ్మ. ఆరోజు మాత్రం గొంతు దానంతటదే లేచింది.

"ఎందుకు పంపవు? నలుసు లేదని నల్లా కాడ అంటవు, గంగాబాయి ముందర అంటవు. నెలకు రెండు దినాలు మొగుడు నాకు! ఆ రెండు దినాలు గూడ నలుగురం ఒక్క ఖోలీల పండుకుంటం. నేనేం జెయ్యాలె అత్తమ్మా? నన్ను ఈడికి రానియ్యవు, ఉత్త కడుపని తిడ్తవు. నేను రాయినా?"

శివరాం ముందుకు రాబోయాడు. రాజవ్వ చేత్తో ఆపి గడప మీద కూలబడింది.

"అడుగనియ్యిరా. అడుగనియ్యి." ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా చెప్పింది. "నువ్వు ఆ ఖోలీల ఉన్నవు గన్కనే వాడు నెలకొక్కసారి వస్తుండు. నా కోసం వస్తుండనుకుంటున్నవా? లోపలికి రాంగనే వాడి కండ్లు నిన్నే ఎతుకుతయ్. నేను ముసల్దాన్నైన గాని నా సూపు పోలే. ఆడిబిడ్డలిద్దర్ని పెండ్లి జేసి షోలాపూర్ ఇచ్చిన, ఏడాదికోపాలి గూడ రారు. నువ్వీడికొస్తే ఇంక వీడు ఆ గల్లీల ఎందుకు అడుగు పెడ్తడు? నాకు కొడుకు ముఖం ఎట్ల దొరుకుతది?"

 ఇన్నాళ్ళూ ఒకే ఖోలీలో, ఒకే చాప మీద పక్కపక్కన పడుకుని, ఇద్దరూ ఒకే మనిషి కోసం ఎదురుచూశారు. ఒకరి ఎదురుచూపు ఒకరికి కనిపించలేదు.

గుమ్మం దగ్గర అలికిడైంది. బాలనర్సయ్య. ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో తెలియదు. జేబులోంచి నాలుగు మడతల ఇన్‌లాండ్ కవరు తీసి కోడలి చేతికి ఇచ్చాడు.

"పై నాలుగు గీతలే సదివిన పిల్లా. రావద్దు, దారి మూసినం అని కనిపించంగనే కోపమొచ్చి మడిచి పెట్టిన. అప్పటికే అందరికి మాటిచ్చిన. మేం పోతే వాడే తెరుస్తడనుకున్న. కింద నీ ముచ్చట ఉందని నాకు తెల్వది. రోజూ నువ్వు అడుగుతుంటే... రాలేదనే చెప్పుకుంట వచ్చిన. నాది తప్పు."

ఆయన చేతులు జోడించబోతే చంద్రమ్మ కంగారుగా ఆ చేతులు పట్టుకుంది.

*

కాసేపటికి శివరాం అన్నాడు, "బాపూ, దారి ఎందుకు మూసినమో నువ్వే సూద్దువు, రా. మడుగు దాంక గాదు. పైన గట్టు మీదికెల్లి. దానికంటే ముందుకు నేను గూడ పోను."

నలుగురూ బయలుదేరారు. రాజవ్వ మోకాళ్ళు నొప్పులని అనలేదు, కోడలి భుజం పట్టుకుని నడిచింది. ఎండిన టేకు ఆకులు విస్తళ్ళంత పెద్దవి, అడుగు వేస్తే పెళపెళమంటున్నాయి. దారికి ఒక పక్క చెట్లు కొట్టేసిన జాగా. మొదళ్ళ పక్కనుంచి పిలకలు లేచి మనిషెత్తు పెరిగాయి.

"ఇది నిరుడు కొట్టిచ్చిన తుకడా," అన్నాడు శివరాం. "సర్కారు ముద్ర పడ్డ చెట్టునే కొట్టాలె. వాగు పక్కవి ముట్టుకోవద్దు. మల్ల ఈ తుకడా మీదికి గొడ్డలి వచ్చేసరికి ముప్పై ఏండ్లు దాటుతది. అప్పటికి నేను రిటైరై పోత."

బాలనర్సయ్య ఒక చెట్టు దగ్గర ఆగిపోయాడు. ఇద్దరు కౌగిలించినా అందనంత మాను. వడ్రంగి కళ్ళు కింది నుంచి పైకి వెళ్ళాయి. "నాలుగు దర్వాజలు, ఎనిమిది కిటికీలు," అన్నాడు అలవాటుగా. అరచెయ్యి బెరడు మీద పెట్టి అలాగే ఉంచాడు. "ముప్పై ఏండ్ల సంది రందాతోటి టేకు చిత్రిక పడ్తున్న నేను. నిలబడ్డ టేకును ఇయ్యాలే సూసుడు."

"దీనికెందుకు ముద్ర కొట్టలేదు?" అని కాసేపటికి అడిగాడు.

"పైన తొర్ర సూడు. పెద్ద ముక్కుండే ధనేశ్ పక్షి గూడు. ఆడపక్షి లోపలుండి తొర్రకు మట్టి మెత్తుకోని గుడ్లు పెడ్తది. ముక్కు పట్టేంత సందే ఉంచుకుంటది. పిల్లలు ఎదిగేదాంక బయటికి రాదు."

"మరి తిండి?" అంది రాజవ్వ.

"మొగపక్షి తెచ్చి పెడ్తది."

"రోజూ వస్తదా?"

"రోజూ వస్తదవ్వా. దినానికి పది పదిహేను సార్లు."

రాజవ్వ చాలాసేపు ఆ తొర్ర వైపే చూస్తూ నిలబడింది. చంద్రమ్మ భుజం మీదున్న ఆమె చెయ్యి మాత్రం బరువెక్కింది.

గట్టు మీద బండల చాటున కూర్చున్నారు. కింద లోయలో మడుగు కనిపించింది. మడుగంటే ఇప్పుడు వాళ్ళ గల్లీ వెడల్పంత నీళ్ళు, చుట్టూ బురద. బురద నిండా గిట్టల గుర్తులు. ఒకచోట చిరుతపులి అడుగులు కూడా ఉన్నాయని శివరాం గుసగుసగా చెప్పాడు.

పొదల్లో ఆకుల చప్పుడు ముందు చంద్రమ్మకే వినిపించింది. ఆమె అత్త చెయ్యి నొక్కింది. "కొండగొర్రె," అంది పెదవులతోనే. పొదల్లోంచి ఎర్రటి చిన్న జింక ఒకటి బయటికి వచ్చింది. రెండడుగులు వేసి ఆగింది, చెవులు తిప్పింది, ఇంకో అడుగు వేసింది. శివరాం జింకను చూడటం మాని భార్య ముఖం చూస్తున్నాడు. పెళ్ళయ్యాక ఆ ముఖాన్ని అలా ఎప్పుడూ చూడలేదు అతను.

జింక నీళ్ళ అంచుకు వచ్చి మెడ వంచింది. సరిగ్గా అప్పుడే మైదానం వైపు నుంచి ఢోలక్ దబదబమని మోగింది, వెంటనే ఈలలు, చప్పట్లు. జింక ఒక్క గెంతులో పొదల్లోకి మాయమైంది. నీళ్ళు ముట్టనేలేదు.

ఎంతసేపు చూసినా మళ్ళీ రాలేదు.

బాలనర్సయ్య లేచి నిలబడ్డాడు. "ఇన్ని మైళ్ళు దాహంతోటి వచ్చి, తాగకుంటనే పాయె," అన్నాడు. "మనోళ్ళే అక్కడికి దిగి ఉంటే..." మాట పూర్తి చేయలేదు. "ఢోలక్ నేను ఆపిస్త. తుకారాంకు నేనే చెప్త, తప్పు నాదని గూడ చెప్త." పంచె ఎగగట్టుకుని మైదానం వైపు వెళ్ళిపోయాడు. పావుగంటలో ఢోలక్ ఆగిపోయింది.

*

సాయంత్రం నాలుగింటికి బస్సు ఎక్కుతున్నారు. చంద్రమ్మ ఖాళీ డబ్బాలు సర్దుకుని అందరితో పాటు నడుస్తోంది. ఉండమని ఎవరూ అనలేదు. తానై ఎలా అడగాలో ఆమెకు తెలియలేదు. శివరాం అడ్డకర్ర దగ్గర తల్లి వైపే చూస్తున్నాడు.

రాజవ్వ బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. కోడలి చేతిలోని డబ్బాల సంచి లాక్కుంది.

"నువ్వేడికి?"

"అత్తమ్మా..."

"ఆ పొయ్యి కట్టి ఎన్ని దినాలాయె? అగ్గి పెట్టకుంటే పొయ్యికి మంచిది గాదు. వాని అన్నం గిన్నె సూసినవా? కుక్క గూడ ముట్టది."

"నా బట్టలన్నీ ఆడనే ఉన్నయ్ అత్తమ్మా," అంది చంద్రమ్మ, ఏం మాట్లాడాలో తోచక.

"వచ్చే ఐతారం మీ మామ తెస్తడు. ఇంకోపాలి ఆ దర్వాజల చెట్టును సూస్తనని అప్పుడే అంటుండు." రాజవ్వ నవ్వబోయింది, నవ్వు రాలేదు. కోడలి ముఖాన్ని రెండు చేతులా పట్టుకుంది. "వాడు నెలకోపాలి రాకపోయినా ఏమనను. తీరిక లేదంటే నువ్వొక్కదానివే రా. నిన్ను సూసినా వాణ్ణి సూసినట్టే నాకు."

బస్సులోంచి గంగాబాయి కిటికీకి చేయి చాపి తన శాలువా, మిగిలిన పూరీల పొట్లం ఇచ్చింది. బస్సు కదిలింది. రాజవ్వ కిటికీలోంచి చూడలేదు, తల వంచుకుని కూర్చుంది. బాలనర్సయ్య ఆమె వీపు మీద చెయ్యి వేయడం మాత్రం కనిపించింది.

ఎర్రదుమ్ము తగ్గేదాకా చంద్రమ్మా శివరామూ అక్కడే నిలబడ్డారు. మూడేళ్ళు ఎదురుచూసిన క్షణం అది. ఆ క్షణంలో చంద్రమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

శివరాం గాబరా పడ్డాడు. "ఏమైంది? ఈడ ఉండుడు ఇష్టం లేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. 

"అత్తమ్మ మోకాళ్ళకు నూనె తనకు తానే రాసుకుంటది గాని, వెనక నడుముకు చెయ్యి అందదు. రోజూ నేనే రాస్త."

 శివరాం ఆమె చేతిలోని పొట్లం అందుకున్నాడు.

"వచ్చే నెల రెండు దినాలు సుట్టీ ఉంది," అన్నాడు చివరికి. "ఇద్దరం పోదాం."

"నెలదాంక ఎందుకు? వచ్చే ఐతారం మామతోటి అత్తమ్మను గూడ రమ్మని రేపే కార్డు రాయి," అంది చంద్రమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి పై నాలుగు గీతలల్లనే రాయి."